మీరు చీపురెలా పడతారు?

ముద్ద కలిపే తీరు, ఇల్లు ఊడ్చే తీరు, అడుగు వేసే తీరు... వీటిని బట్టి మనిషి స్వభావం చెప్పొచ్చా? చెప్పొచ్చంటుంది పదిహేను వందల ఏళ్ల నాటి ఓ బౌద్ధ గ్రంథం. ‘అలాగని పూర్తిగా నమ్మేయొద్దు సుమా’ అని హెచ్చరిస్తుంది కూడా. ఆ రెండో మాటే మనకు ఎక్కువ అవసరం!

హైదరాబాద్‌-విజయవాడ రహదారి మీద వెళ్లేవారికి జగ్గయ్యపేట అంటే సిమెంటు ఫ్యాక్టరీలు, పత్తి, మిర్చి గుర్తొస్తాయి. ఒకప్పుడు ఈ ఊరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు పెట్టడంతో జగ్గయ్యపేట అయింది. మొన్నటిదాకా కృష్ణా జిల్లాలో ఉన్న ఈ ఊరూ, నందిగామా 2022 నుంచి ఎన్టీఆర్‌ జిల్లాలోకి వచ్చాయి. పేర్లు మారినా, జిల్లాలు మారినా ఇక్కడి గుట్ట మీది ‘ధనంబోడు’ మాత్రం రెండు వేల ఏళ్లుగా కదల్లేదు. అదో బౌద్ధ స్తూపం. జేమ్స్‌ బర్జెస్‌ 1882లో ఇక్కడ పరిశోధన జరిపి లోకానికి చెప్పాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర ఐదు స్తంభాలు నిలబెట్టినట్టు ఇక్కడి ప్రాకృత శాసనం చెబుతోంది.

ఈ స్తూపంలో దొరికిన ఓ శిల్పం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అందులో ఓ రాజు చెయ్యి పైకెత్తి నిలబడతాడు. మేఘాల్లోంచి నాణేల వాన కురుస్తుంటుంది. ఆయనే మాంధాత చక్రవర్తి. చప్పట్లు కొడితే రత్నాల వర్షం కురిసే వరం ఉన్నవాడని బౌద్ధుల జాతక కథ. భూమినంతా ఏలాడు, చాల్లేదు. స్వర్గానికెళ్తే ఇంద్రుడు సగం రాజ్యమిచ్చాడు. అదీ చాల్లేదు. మిగతా సగం కోసం ఇంద్రుణ్నే చంపాలనుకున్నాడు. ఆ ఆశతోనే ముసలితనం వచ్చి, నేలకు జారి కన్నుమూశాడు.

చేతిలో ఉన్నదాన్ని ఒక్కరోజైనా తనివితీరా చూసుకోలేని మనసు అది. అలాంటి మనసుకు బౌద్ధులు ఓ పేరు పెట్టారు... రాగ చరితం. అదొక్కటే కాదు, అలాంటివి మొత్తం ఆరున్నాయని లెక్కగట్టారు.

ఆరు రకాల మనసులు
ఆ లెక్క వివరంగా కనిపించేది ‘విసుద్ధిమగ్గ’లో. అయిదో శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో బుద్ధఘోషుడు పాళీలో రాసిన గ్రంథమిది. ఆయన సొంత ప్రాంతం ఆంధ్రదేశమేనని కొందరు పండితులు అంటారు, అందరూ ఒప్పుకోరు. ఆయన చెప్పిన ఆరు రకాలివీ...

కావాలి కావాలి అనుకునేవారు రాగ చరితులు. వద్దు, నచ్చలేదు అనేవారు ద్వేష చరితులు. ఏదీ తేల్చుకోలేనివారు మోహ చరితులు. ఇట్టే నమ్మేవారు శ్రద్ధా చరితులు. విడమర్చి చూసేవారు బుద్ధి చరితులు. ఆలోచనల్లోనే తిరుగుతుండేవారు వితర్క చరితులు.

ఇందులో ఓ చమత్కారముంది. ఈ ఆరూ మూడు జతలు. ఇష్టాన్ని పట్టుకు వేలాడే రాగమే మంచివైపు తిరిగితే నమ్మకమవుతుంది. తప్పులు వెతికే ద్వేషమే మంచివైపు తిరిగితే నిజానిజాలు తేల్చే బుద్ధి అవుతుంది. తేల్చుకోలేని మోహానికి, అటూ ఇటూ ఊగే వితర్కం చుట్టం. అంటే ఇంట్లో ‘ప్రతిదానికీ వంకలు పెడతాడు’ అని పేరుపడ్డ పిల్లాడిలో రేపటి మంచి ఆడిటరో, డాక్టరో ఉండొచ్చన్నమాట!

చీపురు చెప్పే సంగతి
మరి ఎవరే రకమో తెలిసేదెలా? బుద్ధఘోషుడు నేరుగా వాకిట్లోకి, వంటింట్లోకి తీసుకెళ్తాడు. రాగ చరితులు చీపురును పొందిగ్గా పట్టి, తొందరపడకుండా, పూలు పరిచినంత సమంగా ఊడుస్తారు. ద్వేష చరితులు గట్టిగా బిగించి పట్టి, మట్టిని రెండు పక్కలా ఎగజిమ్ముతూ గరగరమని ఊడుస్తారు. మోహ చరితుల పట్టు వదులు. చెత్త కొంత పోతుంది, కొంత అక్కడే కలగలిసి ఉంటుంది.

భోజనం దగ్గరా అంతే. మొదటివారికి తీపి ఇష్టం. చిన్న ముద్ద గుండ్రంగా చేసుకుని రుచి చూస్తూ తింటారు. రెండోవారికి పులుపు ఇష్టం. నోరు నిండా ముద్ద పెట్టి గబగబా తినేస్తారు. మూడోవారు ధ్యాస ఎక్కడో పెట్టి, మెతుకులు రాలుస్తూ తింటారు. (పులుపు మాట విని గోంగూర ప్రియులు నొచ్చుకోకండి. ఆ లెక్కన కృష్ణా, గుంటూరు జిల్లాలన్నీ ఒకే రకమైపోతాయి!)

కొత్తది చూసినప్పుడు రాగ చరితులకు చిన్న మంచి కూడా పెద్దగా కనిపిస్తుంది, పెద్ద లోపం కనబడదు. ద్వేష చరితులకు సరిగ్గా దీనికి తిరుగు. మోహ చరితులు పక్కవాళ్లు మెచ్చుకుంటే మెచ్చుకుంటారు, తిడితే తిడతారు. పెళ్లిచూపుల నుంచి వచ్చాక ఇంట్లో సాగే చర్చ గుర్తొస్తోందా?

ముద్ర కాదు, మందు
ఇంత వివరంగా చెప్పాక ఆయనే ఓ మాటంటాడు. ఈ గుర్తులన్నీ ఆచార్యులు చెప్పుకొన్నవే తప్ప పూర్తిగా మూలగ్రంథాల్లో లేవు, వీటినే పరమ సత్యమనుకోవద్దు అని. ద్వేష చరితులు కూడా శ్రద్ధ పెడితే పొందిగ్గా ఊడవగలరు కదా! అంటే, ఎరుకతో ఉన్న మనిషిని రకంలో బంధించలేం.

మరి గురువు శిష్యుడి స్వభావం ఎలా తెలుసుకోవాలి? ఎదుటివారి మనసు చదివే శక్తి ఉంటే సరే. లేకపోతే అడిగి తెలుసుకోవాలంటాడు. నీలో తరచూ ఏ భావాలు మెదులుతాయి? దేని గురించి తలచుకుంటే నీకు హాయిగా ఉంటుంది? ఇలాగన్నమాట. ‘వీడు పుట్టు కోపిష్టి’, ‘దీనికి బొత్తిగా నిలకడ లేదు’ అని పిల్లల ముందే తీర్పు చెప్పే అమ్మానాన్నలు ఒక్కసారి ఆగి ఆలోచించాల్సిన మాటిది. ఆ తీర్పు పదేళ్లు వింటే పిల్లలూ అదే నిజమనుకుంటారు. అడిగితే, తమలోకి తాము చూసుకోవడం నేర్చుకుంటారు.

రకాన్ని కనిపెట్టేది మందు ఎంచడానికే. కోపం ఎక్కువున్నవారికి మైత్రీ భావన. కోరిక ఎక్కువున్నవారికి దేహం ఎంత అశాశ్వతమో గుర్తుచేసే ధ్యానం. అయోమయం, ఆలోచనల సుడి ఉన్నవారికి శ్వాస మీద ధ్యాస.

నేటి పరీక్షలూ అంతే
1921లో స్విట్జర్లాండ్‌ మనోవైద్యుడు కార్ల్‌ యూంగ్‌ మనస్తత్వ రకాల మీద పుస్తకం రాశాడు. దాని ఆధారంగా అమెరికాలో కేథరిన్‌ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్‌ మైయర్స్‌ పదహారు రకాల పద్ధతి తయారుచేశారు. ఎన్నియాగ్రామ్‌ అనే మరో పద్ధతిలో తొమ్మిది రకాలు. కంపెనీల శిక్షణ తరగతుల్లోనూ, ఫోన్లలోనూ ఇలాంటి పరీక్షలు కనిపిస్తుంటాయి. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుందన్నది వీటి మీద ఉన్న పెద్ద విమర్శ. చాలామంది మనస్తత్వ శాస్త్రవేత్తలు మనుషుల్ని గళ్లలో పెట్టరు. ఒక్కో గుణం ఎవరిలో ఎంత పాళ్లలో ఉందో చూస్తారు.

అలాగని పరీక్షలు దండగని కాదు. ‘నేనింతే’ అనడానికి వాడితే అది సంకెల. ‘ఇదిగో, మళ్లీ అదే చేస్తున్నా’ అని ఆ క్షణంలో పట్టుకోవడానికి వాడితే అది అద్దం.

పరీక్షాపత్రం లేకుండానే ఇంట్లో మొదలుపెట్టొచ్చు. ఒక పూట టీవీ, ఫోను పక్కన పెట్టి అన్నం తినండి. ముద్ద ఎలా కలుపుతున్నారో, మనసు ఎటు పోతోందో గమనించండి. కూరలో ఉప్పు తగ్గిందని అనబోయే ముందు ఒక్క శ్వాస ఆగండి. ఆ మాట ఉప్పు గురించేనా, పొద్దుటి విసుగు గురించా? మీకే తెలుస్తుంది. అయితే ఒక్క నియమం... గమనించాల్సింది మీ విస్తరినే, పక్క విస్తరిని కాదు!