బలం లేనివాడి పాట: బ్రిడ్జిలో ఒక ఎత్తుగడ పుట్టుక, పెరుగుదల

చేతిలో సరుకు లేనివాడు వేలంపాటలో అందరికన్నా ముందు, అందరికన్నా పెద్దగా పాడితే దాన్ని తెలివితక్కువతనం అంటాం. కాంట్రాక్ట్ బ్రిడ్జిలో మాత్రం అదే తెలివి. ప్రీఎంప్ట్ అని ఆటగాళ్లు పిలిచే ఈ పాట యంత్రం కాదు గానీ, దానికీ ఒక యంత్రానికున్నంత చరిత్ర ఉంది. ఒకరు దారి వేశారు, ఒకరు తయారుచేశారు, ఇంకొకరు అది ఎందుకు పనిచేస్తుందో లెక్క కట్టారు.

ముందు ఆట సంగతి. నలుగురికీ తలా 13 ముక్కలు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జోడీ. ఏ రంగు తురుపుగా ఎన్ని పట్లు గెలుస్తామో ముందుగా పాడాలి. మొదటి 6 పట్లు లెక్కలోకి రావు. ‘రెండు ఇస్పేట్లు’ అంటే ఇస్పేటు తురుపుగా 8 పట్లు గెలుస్తామని. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేక మొత్తంలో 40 పాయింట్లు. పాడటానికి ఉన్నవి 35 పాటలు. వాటికి పాస్, డబుల్, రీడబుల్ కలిపితే 38 మాటలు. జోడీ మాట్లాడుకోవలసిందంతా వీటితోనే.

1925లో పనామా కాలువ గుండా వెళ్తున్న ‘ఫిన్లాండ్’ ఓడలో అమెరికన్ హెరాల్డ్ వాండర్‌బిల్ట్ తన స్నేహితులతో కొత్త పాయింట్ల పద్ధతిని ఆడించి చూశాడు. కాంట్రాక్ట్ బ్రిడ్జి పుట్టింది అక్కడే. అంతకుముందు ఆక్షన్ బ్రిడ్జిలో తక్కువ పాడి ఎక్కువ పట్లు గెలిచినా గేమ్ (పెద్ద బోనస్ తెచ్చే స్కోరు) దక్కేది. ఇప్పుడు పాడినంతవరకే గేమ్. అంటే అవతలి జోడీ తమ బలాన్ని వేలంలోనే సరిగ్గా తేల్చుకోవాలి. తేల్చుకోనివ్వకుండా అడ్డుపడితే లాభమన్నమాట.

ఆ లాభాన్ని అందిపుచ్చుకున్న పేరు అమెరికన్ చాంపియన్ హోవార్డ్ షెంకెన్. అప్పట్లో రెండు స్థాయిలో పాట మొదలుపెట్టడమంటే చాలా బలమైన చేయి. అలాంటి చేతులు అరుదు. ఒకే రంగులో ఆరు ముక్కలుండి 6 నుంచి 10 పాయింట్లు మాత్రమే ఉన్న చేతులు తరచూ వస్తాయి. ఆ పాటను వీటికి వాడుకోవడమే వీక్ టూ. 35 పాటల్లో ‘రెండు ఇస్పేట్లు’ తొమ్మిదోది. దాంతో మొదలుపెడితే కింది ఎనిమిదీ ఎదుటివాళ్లకు చేజారిపోతాయి. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే దారిలో, కొత్తపేట దగ్గర ఏళ్ల తరబడి నడిచి బాటసింగారానికి తరలిపోయిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వేలాన్ని తలుచుకోండి. తొలి కేకలోనే ధర బాగా ఎక్కించేస్తే, సరుకు విలువ తూచుకునే వ్యవధి మిగతావాళ్లకు ఉండదు.

అయితే ఈ ఎత్తుగడ ఫలితం పాట మొదలుపెట్టినవాడి చేతిలో లేదు. వాడు తన చేతి సంగతంతా ఒక్క మాటలో చెప్పేశాడు, ఇక జోడీదారుడు అడిగితే తప్ప నోరు మెదపకూడదు. లెక్కంతా జోడీదారుడిది. ఆ లెక్కకు సూత్రం ఇచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన జాన్-రెనే వెర్న్. 1969లో ‘బ్రిడ్జ్ వరల్డ్’ పత్రికలో ఆయన చెప్పింది ఇది: రెండు జోడీలూ తమతమ మేలైన రంగును తురుపు చేసుకుంటే గెలవగల పట్ల మొత్తం, ఆ రెండు రంగుల్లో వాళ్లకున్న తురుపుల మొత్తానికి ఇంచుమించు సమానం. సగటున ఇది నిలుస్తుంది. ఒక్కో పంపకంలో ఒకటి రెండు తేడా వస్తుంది. 1992లో బ్రిడ్జి ఆటగాడు లారీ కోహెన్ పుస్తకంతో ఇది ఇంటింటి సూత్రమైంది.

దాన్నుంచి వచ్చిన వాడుక సులువు: మన జోడీకి ఎన్ని తురుపులుంటే అన్ని పట్ల వరకు పాడవచ్చు. జోడీదారుడి ఆరు ఇస్పేట్లకు మీ రెండు కలిస్తే ఎనిమిది, ఉన్నచోటే ఆగండి. మూడుంటే మూడు స్థాయికి, నాలుగుంటే నాలుగు స్థాయికి నేరుగా ఎగబాకండి. మిగతా ఏడు ఇస్పేట్లు ముగ్గురి మధ్య పంచుకుంటాయి కనుక మీకు వచ్చేది సగటున 2.33. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చే అవకాశం నూటికి 43.

ఉదాహరణకు మీకు నాలుగు ఇస్పేట్లు, 6 పాయింట్లు. జోడీదారుడికి 8 అనుకుంటే ఎదుటివాళ్లకు 26, అంటే గేమ్‌కు సరిపడా. మీరు ‘నాలుగు ఇస్పేట్లు’ అనేస్తారు. వాళ్లు డబుల్ చేసి (పందెం రెట్టించి) మిమ్మల్ని రెండు పట్లు తక్కువగా ఓడించినా, మీరు వల్నరబుల్ (ఓడితే జరిమానా, గెలిస్తే బోనస్ పెరిగే స్థితి) కాకపోతే పోయేది 300. వల్నరబుల్ కాని వాళ్లకు నాలుగు ఆఠీన్ల గేమ్ వస్తే 420. ఓడి లాభపడటమంటే ఇదే. మీరు వల్నరబుల్ అయితే అదే ఓటమికి 500 పోతుంది. అందుకే దూకేముందు పాయింట్ల పట్టిక చూసుకోవాలి.

మీ చేతిలోనే 16 పాయింట్లుంటే కథ మారుతుంది. అప్పుడు బ్రిడ్జి ఆటగాడు హెరాల్డ్ ఓగస్ట్ కనిపెట్టిన ప్రశ్న, ‘రెండు నోట్రంప్’ (తురుపు లేని పాట). దానికి జవాబులు: మూడు కళావర్లంటే చేయీ, రంగూ రెండూ అంతంతమాత్రం, మూడు డైమన్లంటే చేయి తక్కువ, రంగు మంచిది, మూడు ఆఠీన్లంటే చేయి మంచిది, రంగు తక్కువ, మూడు ఇస్పేట్లంటే రెండూ మంచివే. మూడు నోట్రంప్ అంటే ఆ రంగులో ఆసు, రాజు, రాణి మూడూ ఉన్నట్టు. 12 పాయింట్లున్నా తురుపులో ఒకటో రెండో ముక్కలే ఉంటే మాత్రం మౌనమే మేలు.

ఇంత లెక్క ఉన్నా, పేకాట అనగానే మనకు పోలీసు దాడులే గుర్తొస్తాయి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా చూసింది. ముక్కల పంపకంలో ఉండే అదృష్టం బ్రిడ్జిలోలాంటిదేనని, మూడుముక్కలాట సంగతి వేరని తేడా చూపింది. పోటీ బ్రిడ్జి ఆ అదృష్టాన్ని కూడా తొలగిస్తుంది. అవే ముక్కలు బల్ల నుంచి బల్లకు తిరుగుతాయి. అదే చేతితో ఎవరు మెరుగ్గా ఆడారన్నదే లెక్క. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ ఈ ఆటలో స్వర్ణం గెలిచారు. కాంస్యం తెచ్చిన మిక్స్‌డ్ జట్టులో బాచిరాజు సత్యనారాయణ ఉన్నారు.

మెట్రో దిగి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి కోచింగ్ సెంటర్లకు వెళ్లే విద్యార్థులు ప్రస్తారాలు, సంభావ్యత కాగితం మీద నేర్చుకుంటారు. ఈ ఆదివారం నలుగురు కూర్చుని, పందెం లేకుండా, ఒక పేక కట్టతో ముప్పై పంపకాలు వేసి చూడండి. ప్రతిసారీ రెండు జోడీల తురుపులు కూడండి, ఒక్కో జోడీ రంగు తురుపుగా ఒకసారి ఆడి పట్లు లెక్కపెట్టండి, వెర్న్ సూత్రం ఎన్నిసార్లు సరిపోయిందో రాసుకోండి. సరిపోని పంపకాల్లో ఎందుకు తప్పిందో వెతకండి. సంభావ్యతలో అంతకన్నా మంచి హోంవర్క్ ఇంకొకటి లేదు.