నిద్రపోయి లేచే పూలదుంపలు

దసరా రోజుల్లో, సాయంకాలం పూట విజయవాడ పూల అంగళ్ల ముందునుంచి నడిచి వెళ్లండి. కంటికి కనపడకముందే ముక్కుకు తగిలే పువ్వు ఒకటి ఉన్నది. అదే నేలసంపెంగ. పూల వర్తకులు దీన్ని లిల్లీ అంటారు. ఇది చెట్టుకు పూయదు. నేలలో దాగిన దుంపనుంచి పొడుగాటి కాడగా లేచి పూస్తుంది.

పటమట ఒకప్పుడు పల్లె. ఇప్పుడది విజయవాడ నగరంలో కలిసిపోయింది. పెరళ్లు తగ్గి డాబాలు పెరిగాయి. అయినా ఫరవాలేదు. డాబామీద కుండీలో కూడా నేలసంపెంగ చక్కగా పూస్తుంది. అయితే ఒక్క సంగతి తెలిసి ఉండాలి: మనం ముద్దుచేసి పోసే నీరే చాలా దుంపలను చంపుతుంది.

ఎందుచేతనో తెలియాలంటే, అమ్మనడిగి ఒక ఉల్లిపాయను నిలువుగా కోయించి చూడండి. అడుగున గట్టి బిళ్ల ఉంటుంది. వేళ్లు దానినుంచే పుడతాయి. దానిమీద ఒకదాన్నొకటి కప్పుకున్న దళసరి పొరలు నిజానికి ఆకులే, తిండి దాచుకున్న ఆకులు. నడుమ చిన్న మొగ్గ ఉంటుంది. ఇట్లాంటి దుంపను వృక్షశాస్త్రంలో లశునం అంటారు. అంటే, మొక్క తన తిండి మూటకట్టుకుని నేలలో పడుకున్నదన్నమాట!

కష్టకాలం దాటడానికే ఈ నిద్ర. ఆఫ్రికా దక్షిణపు కొసన, కేప్‌టౌన్ నగరం పక్కన టేబుల్ పర్వతం ఉన్నది. దాని రాళ్ల సందుల్లో నెరైన్ అనే దుంపమొక్క పెరుగుతుంది. అక్కడ వానలు చలికాలంలో కురుస్తాయి. వేసవి పొడిగా ఉంటుంది. అందుచేత నెరైన్ వేసవి అంతా ఆకు లేకుండా నిద్రపోయి, వేసవి వెళ్లగానే ఎర్రని పూలగుత్తితో లేస్తుంది.

ఇంగ్లండులో దీన్ని గాజు ఇళ్లలో పెంచుతారు. అక్కడి మంచుకు ఇది తట్టుకోలేదు. ఎండ గాజుగుండా లోపలికి వస్తుంది. లోపలి వెచ్చనిగాలి తేలికగా బయటికి పోలేదు. చలిరాత్రుల్లో నీరు గడ్డకట్టకుండా ఉండేటంత వేడి ఉంటే చాలు. వేసవిలో కుండీని ఎండలో ఉంచి, నీరు ఆపివేస్తారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పూమొగ్గ తల ఎత్తినప్పుడే మళ్లీ నీరు పోస్తారు. చూడడానికి కుండీ చచ్చినట్టే ఉంటుంది. రాబోయే పువ్వు మాత్రం దుంపలో సిద్ధంగా ఉంటుంది.

విజయవాడలో గాజు ఇల్లు కడితే మే నెలలో దుంపలు ఉడికిపోతాయి! మనకు చలి శత్రువు కాదు, నిలవనీరు శత్రువు. కృష్ణానది తెచ్చిపోసిన డెల్టా మన్ను వరికి బంగారం. వరి నీటిలో నిలబడగలదు. మెక్సికో దేశంనుంచి వచ్చిన నేలసంపెంగ అట్లా నిలబడలేదు. మట్టి రేణువుల మధ్య ఉండే గాలిని వేళ్లు పీలుస్తాయి. నీరు నిలిస్తే ఆ గాలి పోతుంది. వేళ్లు కుళ్లి, ఆ కుళ్లు దుంపకు పాకుతుంది.

ఇక పని మొదలుపెట్టండి. జూన్‌లో మృగశిర కార్తె రాగానే, అడుగున చిల్లు ఉన్న కుండీ తీసుకుని, చిల్లుమీద ఒక పెంకుముక్క బోర్లించండి. తోటమన్ను, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి నింపండి. పెద్ద ఉసిరికాయంత దుంపను, మొన పైకి వచ్చేట్టు, రెండంగుళాల లోతున నాటండి. ఎండ తగిలే చోట పెట్టండి. నీరు పోసేముందు మన్నులో వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే, ఆ రోజు నీరు వద్దు.

మూడు నాలుగు నెలలకు కాడ వస్తుంది. అడుగు మొగ్గలు ముందు, పై మొగ్గలు తరవాత విచ్చుకుంటాయి. చీకటి పడేకొద్దీ వాసన పెరుగుతుంది. తెల్లని రంగూ, రాత్రి వాసనా చీకట్లో తిరిగే చిమ్మటలను పిలవడానికే.

ఒకసారి పూచిన దుంప మళ్లీ పూయదు. కాని దాని చుట్టూ పిల్లదుంపలు పుడతాయి. వాటికి తిండి కూడబెట్టేవి పచ్చని ఆకులే గనక, పూలు అయిపోయాయని ఆకులు కోయకండి. చలికాలంలో నీరు తగ్గించండి. ఆకులు పండి ఎండితే, పూర్తిగా ఆపండి. అప్పుడు దుంపలను తవ్వి, విడదీసి, గాలి ఆడే నీడలో ఆరబెట్టి, మళ్లీ మృగశిరకు నాటండి. మరీ చిన్నవి పూయడానికి ఇంకో ఏడాది పట్టవచ్చు.

ఒక హెచ్చరిక: పూలదుంపలు ఉల్లిపాయల్లాగే కనపడినా, వాటిని నోట పెట్టకూడదు. నెరైన్ వంటివి విషం. వాటిని వంటింట్లో ఉంచకండి. తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అందనివ్వకండి.

ఎండిన ఆకులు చూసి ఇంట్లో ఎవరైనా మీ కుండీ పారబోయబోతే, ఒక్క నిమిషం ఆగమనండి. మన్ను కొంచెం తవ్వి, దుంపను నొక్కి చూడండి. మెత్తబడి కుళ్లువాసన వేస్తే, అది పోయినట్టే. గట్టిగా ఉన్నదా? అయితే మన్ను కప్పి, నీరు పోయకుండా నీడలో పెట్టండి. అది నిద్రపోతున్నది.