పరభృతము

వసంతమున మామిడితోపులలోఁ గోకిల కూయుట వినని తెలుఁగువాఁ డుండఁడు. ఆ గాయకుని మనము కోయిలమ్మ యని పిలుతుము. కాని యట్లు కమ్మగాఁ గూయునది మగపక్షి. దాని మేను నిగనిగలాడు నలుపు, కన్ను లెఱుపు. ఆఁడుది గోధుమవన్నెది, మేనెల్ల తెల్లని చుక్కలు, దాని కూఁత కర్కశము.

కోకిల గూఁడు కట్టదు. వేసవి మొదలు వానకాలము వఱకు, కాకులు పిల్లలఁ బెట్టు కాలముననే, వాని గూళ్లలోఁ దన గ్రుడ్లు పెట్టును. అవి కాకిగ్రుడ్లను బోలియుండును; పరిమాణమున మాత్రము చిన్నవి. కోకిలపిల్ల యించుమించు 13 దినములకే గ్రుడ్డు వెడలును. కాకిపిల్లకు మఱి మూఁడునాలుగు దినములు పట్టును. ముందు పుట్టినది ముందుగా మేఁత నందుకొనును.

మన పూర్వు లీ సంగతి నెఱుఁగుదురు. పరులచేఁ బెంపఁబడునది గనుకనే దీనిని పరభృత మనిరి. శాకుంతలమున దుష్యంతుఁడు స్త్రీజాతిని నిందించుటకు దీనినే దృష్టాంతముగాఁ గొనెను.

ఆంగ్లదేశపుఁ గక్కూపిల్ల తోడి గ్రుడ్లను వీఁపున నెత్తి గూటి వెలుపలికిఁ ద్రోయునని 1788లో ఎడ్వర్డు జెన్నరు ప్రకటించెను. ఆ పుస్తకజ్ఞానముతో మన కోకిలకును ఆ హత్య నంటఁగట్టువారు కలరు. అది యన్యాయము. మన కోకిలపిల్ల సామాన్యముగా నట్లు చేయదు. పెక్కుమాఱులు కాకిపిల్లలతోఁ గలసియే పెరుగును. మన పెరటిపక్షిని పరదేశపు గ్రంథములఁ జూచి కాక కన్నులారఁ జూచి యెఱుఁగవలదా?

పెరిగిన కోకిల కాహారము ముఖ్యముగా మఱ్ఱి, రావి మొదలగు చెట్ల పండ్లు. పొలము గట్లనున్న యా చెట్లను నఱకించి, వసంతమునఁ గోకిలగానమును గోరుట వ్యర్థము.