రాజు చదివిన ముఖం

ఇంటర్వ్యూకు వెళ్లే యువతీయువకులు ప్రార్థన చేయించుకోవడానికి వస్తుంటారు. నిటారుగా కూర్చోవాలి, ఎదుటివారి కళ్లలోకి చూసి మాట్లాడాలి, చేతులు కట్టుకోకూడదు అని శిక్షణలో నేర్చుకునే ఉంటారు. మంచిదే. అయినా వారి చేతుల్లో వణుకు తగ్గదు. వారికి నేను నెహెమ్యాను గుర్తుచేస్తాను.

నెహెమ్యా షూషను కోటలో అర్తహషస్త రాజుకు ద్రాక్షారసం అందించే ఉద్యోగి. యెరూషలేము ప్రాకారం కూలిపోయిందని విని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. అప్పటిదాకా రాజు ఎదుట ఎన్నడూ విచారంగా లేనివాడు. నాలుగు నెలల తర్వాత, నీసాను మాసంలో అతని ముఖంలోని దుఃఖాన్ని రాజు కనిపెట్టాడు.

నెహెమ్యా చాలా భయపడ్డాడు. అయినా లేని నవ్వు తెచ్చుకోలేదు, ఉన్న మాట చెప్పాడు. ఏం కావాలని రాజు అడిగితే, జవాబుకు ముందు దేవునికి ప్రార్థించాడు. ఆ తర్వాతే ఎంతకాలం సెలవు కావాలో చెప్పాడు, అధికారులకు లేఖలు అడిగాడు, కలప అడిగాడు. చివరికి 52 రోజుల్లో ప్రాకారం పూర్తయింది.

కూర్చునే తీరు, నిలబడే తీరు ఎవరైనా నేర్పుతారు. మనుషుల ముందు నిలబడే ధైర్యం మాత్రం దేవుని ముందు మోకరించినప్పుడే వస్తుంది.

ఇక పై అధికారి కుర్చీలో ఉన్నవారికి ఒక మాట. గిన్నె అందించేవాని ముఖాన్ని ఆ రాజు గమనించాడు. మన ఆఫీసులో టీ అందించే మనిషి ముఖం ఈ రోజు ఎలా ఉందో మనం చూశామా?