మీకు తెలుసా? రెండు గ్రాఫిక్స్ కార్డులు పెడితే వేగం రెట్టింపు కాదు!

ఒకే కంప్యూటర్‌లో రెండు గ్రాఫిక్స్ కార్డులను జతచేసే పద్ధతిని 1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థ వూడూ2 కార్డులతో ఇళ్లకు తెచ్చింది. తెరపై సరి గీతలు ఒక కార్డు, బేసి గీతలు మరో కార్డు గీసేవి. 2004లో ఎన్విడియా ఎస్‌ఎల్‌ఐ, 2005లో ఏటీఐ క్రాస్‌ఫైర్ వచ్చాక, కార్డులు ఎక్కువగా ఫ్రేములను వంతులవారీగా గీశాయి.

ఇలా గీసేటప్పుడు ఒకే సమాచారం రెండు కార్డుల మెమరీలోనూ ఉండాలి. అందుకే 8 జీబీ కార్డులు రెండున్నా ఆటకు దక్కేది 8 జీబీయే. కరెంటు ఖర్చు, వేడి మాత్రం బాగా పెరుగుతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే రాజమహేంద్రవరం వంటి ఊళ్లలో, కింది కార్డు వదిలే వేడిగాలిని పీల్చే పై కార్డు త్వరగా వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. 2022లో మొదలైన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 40 శ్రేణి గేమింగ్ కార్డుల్లో జతచేసే కనెక్టరే లేదు.