జీడితోటలో కనపడిన పిల్లి కూనల్ని ఎందుకు ఎత్తుకోకూడదు?

ఈరోజు మన ఉద్దానం తోటల్లో, టెక్కలి వైపు తంపర పొలాల్లో తిరిగే పిల్లుల గురించి మాట్లాడుకుందాం. ఇంటి పిల్లులు కాదండీ, అడవిపిల్లులు.

ముందు మీ ఫోన్‌కి వచ్చే వీడియో దగ్గర మొదలుపెడదాం. జీడిపిక్కలు ఏరడానికి ముందు చెట్ల కింద తుప్పలు కొట్టేస్తాం కదా, అప్పుడు చారలున్న రెండు మూడు కూనలు కనపడతాయి. ఎవరో వీడియో తీసి "చిరుత పిల్లలు, ఊరంతా జాగ్రత్త" అని గ్రూపులో పడేస్తారు. గంటలో జనం కర్రలతో వచ్చేస్తారు. తీరా చూస్తే చాలాసార్లు అవి అడవిపిల్లి కూనలే.

తేడా ఎలా తెలుస్తుంది? అడవిపిల్లి కూనకి పుట్టినప్పుడు ఒంటిమీద చారలుంటాయి, పెరిగేకొద్దీ అవి పోతాయి. పెద్దదైతే ఇసుక రంగు ఒళ్లు, పొడుగు కాళ్లు, చెవుల కొసల్లో చిన్న నల్ల కుచ్చు, పొట్టి తోక, తోక చివర నల్ల పట్టీలు. చిరుత పిల్లకి ఒళ్లంతా దట్టమైన నల్ల మచ్చలు, లావు పాదాలు, పొడుగు తోక. ఫోటోలో ముందు తోక చూడండి, సగం అనుమానం అక్కడే తీరిపోద్ది.

ఇది రైతుకి శత్రువు కూడా కాదు. అప్పుడప్పుడు కోడిని పట్టుకుపోద్ది, నిజమే. కానీ దాని అసలు తిండి ఎలుకలు. రాజస్థాన్‌లోని సరిస్కాలో జరిగిన పరిశోధన ప్రకారం ఒక అడవిపిల్లి రోజుకి 3 నుంచి 5 ఎలుకల్ని తింటుందని అంచనా. వరి పండించేవాళ్లకి ఇది ఊరికే దొరికే సాయం.

సరే, కూనలు దొరికాయి. తల్లి కనపడట్లేదు. పాపం అనాథలు అనుకుని ఇంటికి తెచ్చి ఆవుపాలు పడతాం. సమస్య ఇక్కడే మొదలవుద్ది. తల్లి చచ్చిపోలేదు, వేటకెళ్లింది, లేదా మనల్ని చూసి దగ్గర్లోనే దాక్కుంది. ఆవుపాలు ఆ కూనలకి అరగవు, విరేచనాలు పట్టుకుంటే నిలవడం కష్టం. బతికినా, తల్లి దగ్గర నెలల తరబడి నేర్చుకోవాల్సిన వేట దానికి రాదు. మనిషంటే భయం పోతుంది. అలాంటిదాన్ని మళ్లీ తోటలో వదిలితే ఊర్లోకే వస్తుంది, కుక్కలకి దొరికిపోతుంది. అందుకే సంరక్షణ కేంద్రాలకి చేరిన చాలా జంతువులు ఇక బయటికి రావు. విశాఖ జూ దగ్గర సర్కస్ సింహాల కోసం, పులుల కోసం పెట్టిన కేంద్రం ఉంది కదా, అక్కడివి కూడా జీవితాంతం ఎన్‌క్లోజర్‌లోనే. కాపాడటం అంటే ఒక్కోసారి జైల్లో పెట్టడమే అవుద్ది, నా మట్టుకు నాకలా అనిపిస్తుంది.

మరి దారేంటి? మహారాష్ట్రలో జున్నర్ వైపు చెరుకు కోతల్లో ఇలాగే చిరుత పిల్లలు, ఇంకా చిన్నవైన మచ్చల పిల్లి కూనలు దొరుకుతుంటాయి. అక్కడ అటవీశాఖ వాళ్లు, పశువైద్యులు కూనల్ని పరీక్షించి, సాయంత్రం అదే చోట పెట్టెలో ఉంచి, కెమెరా కట్టి దూరంగా వెళ్లిపోతారు. రాత్రి తల్లి వచ్చి నోట కరుచుకుని తీసుకుపోతుంది. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్నది ఒట్టి మాట.

కాబట్టి కూన కనపడితే అక్కడి పని ఆ పూటకి ఆపండి, కుక్కల్ని కట్టేయండి, దూరం జరగండి. గాయం కనపడినా, మర్నాటికీ తల్లి రాకపోయినా కాశీబుగ్గ, టెక్కలి అటవీ రేంజ్ ఆఫీసుల్లో దగ్గరున్నదానికి చెప్పండి. పెంచుకుందామన్న ఆలోచన ఉంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుర్తుపెట్టుకోండి. షెడ్యూల్ 1 జంతువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు.

ఆ షెడ్యూల్‌లో ఉన్నదే బావురుపిల్లి, నీళ్లలో దూకి చేపలు పట్టేది. దక్షిణాన కోరింగ మడ అడవుల్లో 2018 లెక్కలో 115 కనపడ్డాయి. ఉత్తరాన ఒడిశాలో చిలికా సరస్సు దగ్గర 2022లో 176 అని చెప్పారు. రెంటికీ మధ్యలో మన తీరం ఉంది. 2010లో సోంపేట బీలని థర్మల్ ప్లాంట్‌కి ఇవ్వమని జనం పోరాడింది సాగు కోసం, చేపల కోసం. కాల్పుల్లో మనుషులు పోయారు. ఆ రెల్లు, ఆ నీళ్లు ఉన్నచోటే ఇలాంటి పిల్లులకీ తావు.

ఇంకొక్కటి. వీడియో తీస్తే తీయండి గానీ, దూరం నుంచి. పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి, తోట పేరు రాయకండి.