ఇంకో పరీక్ష ఎందుకు, సిస్టర్?

"క్యాన్సరే అని తేలిపోయింది కదా, మళ్ళీ ఇంకో పరీక్ష ఎందుకు సిస్టర్?" అని రోగి బంధువులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. డబ్బుకు ఇబ్బందిపడే ఇంటివారు అలా అడగడంలో తప్పు లేదు. కాని ఈ పరీక్ష జబ్బు ఉందో లేదో చెప్పడానికి కాదు. ఏ మందు పనిచేస్తుందో ముందుగా తెలుసుకోవడానికి.

రొమ్ము క్యాన్సర్ అందరిలో ఒకే రకంగా ఉండదు. 1896లో స్కాట్లండు డాక్టరు బీట్సన్, జబ్బు ముదిరిన స్త్రీలకు అండాశయాలు తీసివేస్తే కొందరిలో గడ్డలు తగ్గినట్లు రాశారు. తరువాత ఇతర డాక్టర్లు చేసినప్పుడు చాలామందికి గుణం కనిపించలేదు. కారణం ఎన్నో ఏళ్ళకు గాని తెలియలేదు. కొందరి క్యాన్సర్ కణాలలో స్త్రీ హార్మోనును పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. ఆ హార్మోను అందితే కణాలు పెరుగుతాయి, అందకుండా చేస్తే తగ్గుతాయి.

గడ్డ నుండి తీసిన ముక్కలో చూసేవి మూడు:

1, 2. ఈ.ఆర్., పి.ఆర్.: ఇవి పాజిటివ్ అయితే టామోక్సిఫెన్ వంటి హార్మోను మాత్రలు పనిచేసే అవకాశం ఉంది. సాధారణంగా కనీసం 5 సంవత్సరాలు వాడాలి. రెండూ నెగెటివ్ అయితే ఆ మాత్రల వల్ల లాభం ఉండదు.

3. హెర్-2: 3+ అంటే పాజిటివ్. ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షను గురించి డాక్టరు చెబుతారు. 2+ అంటే ఇంకా తేలలేదని అర్థం. 'ఫిష్' అనే మరో పరీక్ష కావాలి.

పాజిటివ్ అనగానే చాలామంది కంగారుపడతారు. ఇక్కడ పాజిటివ్ అంటే ఒక మందుకు దారి ఉందని అర్థం. మూడూ నెగెటివ్ అయినా నిరాశపడవద్దు. కీమోథెరపీ వారిలో చాలామందికి బాగా పనిచేస్తుంది. అయితే ఈ పరీక్ష జాతకం కాదు. పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ మందు పనిచేస్తుందని హామీ ఇవ్వలేదు.

ఒక అబ్బాయి తల్లి ముక్క ఉన్న సీసాను డబ్బు సమకూరేదాకా వారంపైగా ఇంట్లో ఉంచాడు. ముక్క పరీక్షకు పనికిరాలేదు. ఆ తల్లికి మళ్ళీ సూది గుచ్చవలసి వచ్చింది.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి:

• సీసాను అదే రోజు ల్యాబులో ఇవ్వండి. అందులోని ఫార్మలిన్ మందును పారబోయవద్దు, నీళ్ళు కలపవద్దు.
• డబ్బు ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి.
• ల్యాబులో ముక్కను మైనపు బ్లాకులో భద్రపరుస్తారు. వేరే ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ బ్లాకును, రిపోర్టును అడిగి తీసుకువెళ్ళండి.
• జబ్బు తిరగబెడితే ఈ పరీక్ష మళ్ళీ చేయవలసి రావచ్చు. ఫలితం మారే అవకాశం ఉంది.

రిపోర్టులో అర్థం కానిది ఏదైనా ఉంటే మొహమాటపడకుండా అడగండి.